పిల్లలకు నిబ్బరం: ఎంతవరకు సాయం చెయ్యాలి, ఎక్కడ చేతులు కట్టుకోవాలి?

#1 బడిగంట

సెలవులు వస్తున్నాయి కాబట్టి ఈ థ్రెడ్ ఇప్పుడే మొదలుపెడుతున్నా. బడి రోజుల్లో ఇవి నేర్పడానికి ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు.

"పిల్లలకు తట్టుకునే శక్తి లేదండీ, చిన్న మాటంటే ముడుచుకుపోతున్నారు" అని వినని పేరెంట్స్ మీటింగు లేదు. ఆ మాటన్నవాళ్ళ చేతుల్లోనే మూడో తరగతి పిల్లాడి బ్యాగు ఉంటుంది. నీళ్ళ సీసా మూత వదులు చేసి ఇచ్చి మరీ వెళ్తారు.

నిబ్బరమంటే ఏడవకుండా ఉండటం అనుకుంటే మొదటి మెట్టులోనే తప్పుతాం. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, వదిలేసిన పని దగ్గరికి మళ్ళీ వస్తే చాలు. అది చెబితే వచ్చేది కాదు. తన చేత్తో పూర్తి చేసిన పనులు పోగుపడితే వస్తుంది. మన వంతు, పని సైజు చూసుకోవడం. నేను వాడే కొలత ఇది: పదిసార్లు ప్రయత్నిస్తే ఆరేడు సార్లు అయ్యేంత కష్టం ఉండాలి. పదికి పదీ అవుతుంటే మన చెయ్యి ఎక్కువైనట్టు. రెండు మూడుకు మించి కావట్లేదంటే పనిని ముక్కలు చెయ్యాలి.

ముక్కలు చెయ్యడానికి బూటు లేసు మంచి ఉదాహరణ. చాలామంది మొదటి ముడి నుంచి మొదలుపెడతారు. పిల్లాడు రెండో మెట్టులో చిక్కుకుంటాడు, మిగతాది అమ్మ కడుతుంది. అంటే ప్రతిసారీ వాడికి మిగిలేది ఓటమి. దీన్ని తిరగెయ్యాలి. ముడీ, రెండు చెవులూ మనమే వేసి, ఆఖరున ఆ చెవులు లాగి బిగించడం ఒక్కటే వాడికి వదలాలి. అది కుదిరాక రెండో చెవి దూర్చడం కూడా వాడిదే. అలా వెనక నుంచి ముందుకు. ఏ రోజైనా పూర్తి చేసింది వాడే అవుతాడు. ఎడమవైపు ఒక రంగు, కుడివైపు ఇంకో రంగు లేసు వేస్తే ఏది దేని కిందికి పోతుందో కంటికి తెలుస్తుంది. బూటు కాలికి వేసి కాకుండా ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టండి. చొక్కా గుండీలకు, చపాతీ ఒత్తడానికి, పక్క మడవడానికి కూడా ఇదే పద్ధతి.

ఎక్కడ చెడుతుందంటే, ఉదయం ఏడున్నరకు వ్యాను హారన్ కొడుతుండగా నేర్పబోతాం. ఆ టైములో మీరే కట్టెయ్యండి, తప్పులేదు. నేర్పేది ఆదివారం.

#2 కాకినాడ_కాజా

లేసు సంగతి బాగుంది. దెబ్బ తగిలే పనులైతే? సైకిలుకు సైడు చక్రాలు తీస్తే ఆరేళ్ళ పిల్లలు సైకిలే ముట్టుకోరు కదా.

#3 పానా_పట్టకారు

తప్పు సైడు చక్రాలది. సైకిలు నిలిచేది ఒరిగిన వైపుకు హ్యాండిల్ తిప్పడం వల్ల. సైడు చక్రాలుంటే ఒరగడమే ఉండదు, ఆ అలవాటూ పడదు. రెండేళ్ళు వాటితో తొక్కినా బ్యాలెన్స్ సున్నా. తీసిన రోజు కొత్తగా మొదలుపెట్టినట్టే.

చెయ్యాల్సింది ఇది. సైడు చక్రాలతో పాటు రెండు పెడళ్ళూ విప్పెయ్యండి. ఎక్కువ సైకిళ్ళకు 15 నంబరు పానా సరిపోతుంది. సీటు బాగా దించండి: కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆని, మోకాళ్ళు కొంచెం మడిచినట్టుండాలి. బ్రేకు లివరు పిల్ల వేళ్ళకు అందుతుందో లేదో చూడండి. చాలా లివర్ల దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే లివరు దగ్గరికొస్తుంది. టైర్లలో గాలి తక్కువుంటే సైకిలు కదలదు, పిల్ల తన తప్పనుకుంటుంది.

చోటు: గట్టిపడిన మట్టి మైదానం, కొద్దిపాటి వాలు, వాలు చివర సమతలం. ఇసుక వద్దు, ఒత్తు గడ్డి వద్దు. హెల్మెట్, మూసి ఉండే బూట్లు తప్పనిసరి.

మొదట సీటు మీద కూర్చుని నడవాలి. తర్వాత అంగలు పెద్దవి చెయ్యాలి. తర్వాత వాలులో రెండు కాళ్ళూ ఎత్తి జారాలి. "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టించండి. ఐదారు అంకెల వరకు వంకర పోకుండా జారుతుంటే పెడళ్ళు బిగించొచ్చు. కొందరికి ఒక పూట చాలు, కొందరికి రెండు వారాలు. ఒక్కసారికి 15, 20 నిమిషాలు మించకండి. అలసిన కాళ్ళతోనే ఎక్కువ పడతారు.

సీటు వెనక పట్టుకుని పరిగెత్తే నాన్నలకు ఒక మాట: సీటు పట్టుకుంటే ఒరుగును మీరు సరిచేస్తున్నారు, పిల్లకు తెలిసేదేం లేదు. తప్పనిసరైతే రెండు భుజాల కింద చేతులుంచండి, సైకిలు ముట్టుకోవద్దు. "పట్టుకునే ఉన్నా" అని చెప్పి వదిలెయ్యడం అసలు వద్దు. వెనక్కి చూసి పడతారు, ఆ తర్వాత మీ మాట నమ్మరు.

#4 శిశువైద్యం

పానా గారు చెప్పిన చివరి మాట సైకిలుకే పరిమితం కాదు. ఇంజక్షన్ గదిలో "డాక్టరు ఊరికే చూస్తారంతే" అని తీసుకొచ్చేవాళ్ళకూ అదే. "సూది వేస్తారు, చీమ కుట్టినంత సేపు నొప్పి ఉంటుంది, నా చెయ్యి గట్టిగా పట్టుకో" అని ముందే చెప్పిన పిల్ల ఏడ్చినా, మళ్ళీ వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే గొడవ చెయ్యదు.

పడ్డాక ఏం చెయ్యాలో కూడా చెప్పుకోవాలి. పడిన పిల్ల మొదట మోకాలు చూసుకోదు, మన ముఖం చూస్తుంది. 1985లో ఏడాది వయసు పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బల్ల మీద గట్టి గాజు, గాజు కింద ఒకచోట దిగువకు మెట్టులా లోతు కనిపిస్తుంది. అవతల తల్లి నిలబడుతుంది. తల్లి ముఖంలో సంతోషం ఉంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. తల్లి భయపడ్డ ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాట అక్కర్లేకుండానే పిల్లలు మన ముఖం చదువుతారు.

కాబట్టి పడగానే పరుగెత్తకుండా మనసులో ఐదు లెక్కపెట్టండి. ముఖం మామూలుగా పెట్టుకుని వెళ్ళండి. "ఏం కాలేదు, ఏం కాలేదు" అనొద్దు, అయింది కాబట్టే ఏడుస్తోంది. "మోకాలు గీరుకుపోయింది, మండుతోంది కదా. పద, నీళ్ళతో కడుగుదాం" అనండి. కడిగేది వీలైతే పిల్ల చేతే. ఇక మన ఇళ్ళల్లో ఉన్న ఆ అలవాటు, నేలను చేత్తో కొట్టి "కొట్టేశా చూడు" అనడం, రెండేళ్ళ వరకు నవ్వుకోవడానికి బాగుంటుంది. ఆ తర్వాత, నొప్పి కలిగితే ఎవరో ఒకరు దెబ్బలు తినాలన్న లెక్క మిగులుతుంది.

తల నేలకు గట్టిగా తగిలి వాంతులు, మగత, మాట తడబాటు ఉంటే, చెయ్యో కాలో వాచి బరువు మోపలేకపోతుంటే, నిబ్బరం సంగతి పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

#5 గవ్వలాట

ఓడిపోవడం నేర్పడానికి ఇంట్లో ఉన్నంత మంచి చోటు లేదు. అయితే ఏ వయసుకు ఏ ఆట అన్నది చూసుకోవాలి.

నాలుగైదేళ్ళకు వైకుంఠపాళి. అందులో తెలివి పనేమీ లేదు, పాము మింగితే అది పందెం తప్పే. "నాకు చేతకాదు" అనుకునే సందు ఉండదు. అందుకే ఓడటానికి అది మొదటి బడి. ఏడెనిమిదేళ్ళకు అష్టాచెమ్మా. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గళ్ళు, నాలుగు గవ్వలు, తలా నాలుగు కాయలు. గవ్వలు అదృష్టం, ఏ కాయ జరపాలన్నది తెలివి. సగం పండిన కాయను ఎదుటివాళ్ళు చంపి ఇంటికి పంపితే కడుపు మండుతుంది, మళ్ళీ మొదటి గడి నుంచి నడిపించాలి. ఒక్క కాయనైనా చంపకుండా లోపలి వరుసలోకి పోనివ్వని పద్ధతిలో ఆడితే చంపడం పగ కాదని, ఆటలో భాగమని పిల్లలకు అర్థమవుతుంది. పదేళ్ళు దాటాక దాడి ఆట. తలా తొమ్మిది కాయలు, అదృష్టం లేదు, ఓడితే తప్పు తనదే.

పెద్దవాళ్ళు కావాలని ఓడిపోవడం వద్దు. ఆరేళ్ళకే కనిపెట్టేస్తారు, ఆ తర్వాత నిజంగా గెలిచినా నమ్మరు. దానికి బదులు అందరి ముందు బరువు సరిచెయ్యండి: "నేను ఏడు కాయలతో ఆడతా, నువ్వు తొమ్మిదితో." పిల్లలు వరసగా మూడు ఆటలు గెలిస్తే మనకు ఒక కాయ పెరుగుతుంది. అంతా బహిరంగం.

బోర్డు విసిరేస్తే? ఆ రోజుకు ఆట అయిపోయింది. ఉపన్యాసం లేదు, శిక్ష లేదు. గవ్వలు, కాయలు ఏరి డబ్బాలో పెట్టాకే అక్కడి నుంచి లేవాలి. మర్నాడు మనమే పిలవాలి. ఇది చాలామంది మరిచిపోతారు. అలిగినవాడు తనంతట తాను రావడం కష్టం, తలుపు మనమే తీసి పెట్టాలి.

#6 పానగల్లు_చెరువు

అన్నీ చదివిన. మంచిగనే ఉన్నయి గని ఇంత సుకుమారం దేనికి? బయట లోకం గిట్లనే ఉంటదా? బాసు తిడితే "నీ బాధ నాకు అర్థమైతుంది" అంటడా? ఇంట్ల కొంచెం గట్టిగ ఉంటెనే బయట నిలబడుతరు. దెబ్బ తిననోడికి దెబ్బ ఓర్చుకునుడు ఎట్ల తెలుస్తది?

#7 మిరపనారు

చెరువు గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. మిరప నారు ఆరు వారాలకు నాటుకొస్తుంది. నాటే ముందు వారం నీళ్ళు తగ్గిస్తాం. తగ్గించకపోతే కాడ మెత్తగా ఉండి పొలంలో ఎండకు వాలిపోతుంది. అంతవరకు మీ మాటే. కానీ తగ్గిస్తాం, మాన్పం. మొలకెత్తిన పదో రోజున ఎండబెడితే గట్టిపడదు, చస్తుంది. ఎప్పుడు, ఎంత అన్నదే లెక్క. పొలంలో ఎండ ఎలాగూ ఉంది కదా అని నారుమడిలోనే మాడ్చే రైతు ఎవరూ ఉండరు.

#8 శిశువైద్యం

మిరపనారు గారి మాటకు తోడు ఒక పెద్ద అధ్యయనం ఉంది. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ దశాబ్దాల పాటు గమనించారు. అందులో పేదరికం, ఇంట్లో తగాదాలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక జబ్బు లాంటివి కలిసొచ్చి బాగా ఎదురుదెబ్బలు తిన్న పిల్లల్ని విడిగా చూశారు. దెబ్బే గట్టిపరిచేదైతే వాళ్ళంతా ఉక్కులా తయారవ్వాలి. మూడింట రెండు వంతుల మంది చదువులోనో, ప్రవర్తనలోనో, ఆరోగ్యంలోనో ఇబ్బంది పడ్డారు. నిలదొక్కుకున్న మూడో వంతులో పదేపదే కనిపించింది ఏంటంటే, నిలకడగా అంటిపెట్టుకుని ఉన్న పెద్దమనిషి ఒకరైనా ఉండటం. తల్లే కానక్కర్లేదు. అమ్మమ్మ, తాత, పిన్ని, టీచరు, ఎవరైనా.

మన ఇళ్ళల్లో తాతా అమ్మమ్మలను "గారాబం చేసి పాడు చేస్తున్నారు" అని తీసిపారేసే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గట్టిగా ఉండటం వేరు, కొట్టడం వేరు. నియమం గట్టిగా ఉండొచ్చు: తొమ్మిదికి ఫోను హాల్లో పెట్టాలంటే పెట్టాల్సిందే. గొంతు మెత్తగా ఉండాలి. ఇక బడిలో అయితే కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నిషేధం. "కాస్త గట్టిపడనివ్వండి సార్" అని తల్లిదండ్రులే టీచరుకు బెత్తం అందించకూడదు. తోటిపిల్లల గుంపు రోజూ ఒకరినే ఏడిపించడం కూడా అంతే. అందులో ఓర్పు నేర్చుకునేదేమీ లేదు, పెద్దవాళ్ళు అడ్డుపడాల్సిందే.

#9 మాటల_మూట

బిడియం, భయం ఉన్న పిల్లల సంగతి విడిగా రాస్తా. ఇక్కడ మనం చేసే పొరపాటు కొట్టడం కాదు, వాళ్ళ బదులు మనం బతకడం. ఎవరైనా "ఏం పేరు నాన్నా?" అని అడిగితే పిల్ల నోరు తెరిచేలోపు అమ్మ చెప్పేస్తుంది. చీకటంటే భయమని పదేళ్ళొచ్చినా బాత్రూము వరకు తోడు వెళ్తారు. ఆ పూట గడుస్తుంది, భయం మాత్రం ఇంకో మెట్టు ఎక్కుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం తయారుచేసిన చికిత్సలో పిల్లల్ని పిలవనే పిలవరు. తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చి, ఈ "బదులు చెయ్యడాన్ని" కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. 2020లో వచ్చిన ఫలితాల్లో అది పిల్లలకు నేరుగా చేసే చికిత్సకు ఏమాత్రం తీసిపోలేదు.

ఇంట్లో వాడుకోవడానికి కిరాణా కొట్టు నిచ్చెన:

ముందు, సరుకు మీరు అడగాలి, డబ్బులు పిల్ల ఇవ్వాలి. తర్వాత మీరు పక్కనుండగా పిల్లే "అరకిలో పంచదార" అనాలి. తర్వాత మీరు కొట్టు మెట్ల దగ్గర ఆగాలి. తర్వాత వీధి మలుపులో. తర్వాత చీటీ ఇచ్చి ఒంటరిగా పంపాలి. తర్వాత చీటీ లేకుండా, చిల్లర లెక్కపెట్టుకుని రావాలి. పై మెట్టు, పగిలిన పాల ప్యాకెట్టు తిరిగిచ్చి వేరేది అడగడం. ఇది పెద్దవాళ్ళకే కష్టం.

ఒక్కో మెట్టు విసుగు పుట్టేవరకు చెయ్యాలి. మూడు నాలుగు సార్లయితే చాలామందికి విసుగొస్తుంది. విసుగే మన గుర్తు. ముందుగా "భయం పదికి ఎంత?" అని అడగండి. మూడు, నాలుగు అంటే పంపొచ్చు. ఎనిమిది అంటే మెట్టు ఎత్తు ఎక్కువైంది.

చెడేది ఇక్కడ: కొట్టు ముందు పిల్ల బిగుసుకుపోతుంది, వెనక నలుగురు నిలబడతారు, మనకు మొహమాటం, "సరే పద" అని వచ్చేస్తాం. అలా వస్తే పారిపోవడం పనిచేస్తుందన్న పాఠం ఒక్కటే మిగులుతుంది. రాకండి. అర మెట్టు దిగండి: "నువ్వు వేలితో చూపించు, నేను పేరు చెప్తా." ఏదో ఒకటి తనచేత అయ్యాకే వెనక్కి తిరగాలి. అనాల్సిన మాట రెండు ముక్కలు: "భయంగా ఉందని తెలుసు. ఆ భయంతోనే అడగగలవని కూడా తెలుసు." మొదటి ముక్క వదిలేస్తే అది గద్దింపు, రెండోది వదిలేస్తే జాలి.

చిన్న మాట: అన్నిటికీ ఫోనుతో స్కాన్ చేసే ఇళ్ళల్లో పిల్లలకు చిల్లర లెక్క తెలియట్లేదు. దీనికోసమైనా ఇంట్లో పది, ఇరవై నోట్లు ఉంచండి.

#10 డాలస్_డాబా

ఇక్కడ అమెరికాలో తెలుగు పిల్లలకు ఇదే నిచ్చెన పేరు దగ్గర పనికొస్తుంది. టీచరు పేరు తప్పు పలికితే తల్లిదండ్రులు ఈమెయిలు పెట్టేస్తారు, లేదా పేరునే కత్తిరించేస్తారు. ఇంట్లో అద్దం ముందు ఒక్క వాక్యం సాధన చేయించండి: పేరును రెండు ముక్కలుగా విడగొట్టి నెమ్మదిగా పలకడం, నవ్వు ముఖంతో. మూడుసార్లు పిల్లే సరిచేసినా ఫలితం లేకపోతే అప్పుడు ఈమెయిలు.

#11 కాకినాడ_కాజా

పొగడ్తల సంగతి ఎవరూ రాయలేదు. "నువ్వు తెలివైనదానివి" అనకూడదంటున్నారు కదా?

#12 బడిగంట

అనకూడదని కాదు గానీ, దాని వెనక కారణం ఉంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలకు ముందు తేలిక సమస్యలిచ్చి, కొందరిని తెలివికి, కొందరిని కష్టపడ్డందుకు మెచ్చుకున్నారు. ఆ తర్వాత కష్టమైనవి ఇచ్చి ఓడించారు. తెలివికి మెచ్చుకున్నవాళ్ళు త్వరగా వదిలేశారు, తర్వాత ఇచ్చిన తేలిక సమస్యల్లోనూ వెనకబడ్డారు. తెలివి వల్ల గెలిచానంటే, ఓడినప్పుడు తెలివి లేదనే కదా అర్థం.

అయితే దీన్ని మంత్రంలా పట్టుకుని పిల్ల నీళ్ళు తాగినా "ఎంత కష్టపడ్డావో!" అనేవాళ్ళు తయారయ్యారు. కష్టమంతా తప్పు దారిలో పడుతుంటే మెచ్చుకుని ఏం లాభం? చూసింది చూసినట్టు చెప్పండి: "హారతి పద్యం మధ్యలో మరిచిపోయావు, ఆగి, మళ్ళీ ముందు పాదం నుంచి అందుకున్నావు." అంతే. విశేషణాలు అక్కర్లేదు. 2019లో అమెరికాలో పన్నెండు వేల మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో "తెలివి పుట్టుకతో ఆగిపోదు, పెరుగుతుంది" అని చెప్పే పాఠాల వల్ల వెనకబడ్డ పిల్లలకు మేలు కనిపించింది, కానీ చాలా కొద్దిగా. ఒక్క మాట మార్చితే బతుకు మారదు.

#13 ఇంటర్_లెక్కలు

ఇక అసలైన పరీక్ష మన దగ్గర ఇంటర్ ఫలితాల రోజు. పదిహేనేళ్ళు నేర్పిందంతా ఆ మధ్యాహ్నం తేలుతుంది, పిల్లల్లోనూ, అంతకంటే ఎక్కువగా తల్లిదండ్రుల్లోనూ.

ముందు రోజే మాట్లాడుకోవాల్సినవి. సైటు ఎవరు తెరుస్తారు? పిల్లే తెరవాలి, పక్కన ఒక్కరే ఉండాలి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు మార్కుల మాట ఉండదని ముందే పెట్టెయ్యండి. చుట్టాల ఫోన్లు తండ్రే ఎత్తాలి, ఒకే వాక్యం: "వచ్చాయండి, వారం తర్వాత మాట్లాడుకుందాం." "మావాడికి ఇన్నొచ్చాయి" అని మొదలుపెట్టేవాళ్ళు పాసైన పిల్లనూ ఏడిపిస్తారు. మీరు ముందే చెప్పాల్సిన మాట: "ఎన్నొచ్చినా రాత్రి అన్నం అందరం కలిసే తింటాం." ఫెయిలయ్యాక చెబితే అది ఓదార్పులా వినిపిస్తుంది, ముందు చెబితే నమ్మకం.

తక్కువొస్తే, మొదటి 24 గంటలు నిర్ణయాలు లేవు. కోర్సు మార్చడం, కాలేజీ మార్చడం, "డిగ్రీలో పడేద్దాం", ఏదీ వద్దు. "నేను ముందే చెప్పా" అన్నది నోట్లోనే ఉంచుకోండి.

మర్నాడు ఒక తెల్లకాగితం. పైన మూడు తేదీలు: రీకౌంటింగుకు ఆఖరి రోజు, జవాబుపత్రం నకలుతో రీవెరిఫికేషన్‌కు ఆఖరి రోజు, సప్లిమెంటరీ ఫీజు ఆఖరి రోజు. మొదటిది కూడికలు మాత్రమే చూస్తుంది, రెండోదాంట్లో దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉన్నాయేమో కూడా చూస్తారు. రెండూ వేరు. గడువు తక్కువ ఉంటుంది, ఏడుపులో దాటిపోతుంది. తప్పులు జరగవని అనుకోవద్దు. 2019లో తెలంగాణలో ఫెయిలైన పిల్లలందరి పేపర్లూ మళ్ళీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది. కానీ దాని మీదే ఆశ పెట్టుకుని సప్లిమెంటరీ ఫీజు కట్టకుండా ఆగకండి. రెండూ పక్కపక్కనే నడవాలి.

తర్వాత "ఫిజిక్స్ పోయింది" అనే కొండను తవ్వాలి. తెలంగాణలో ఇన్నేళ్ళుగా నడిచిన నమూనాలో ఫిజిక్స్ థియరీ 60, పాసుకు 21. రెండు మార్కులవి 10, అన్నీ రాయాలి: 20. నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు: 24. ఎనిమిది మార్కులవి మూడింట్లో రెండు: 16. పిల్లకు 14 వచ్చాయనుకోండి. కావాల్సినవి 7. అంటే నాలుగు మార్కుల జవాబులు రెండు గట్టిగా వస్తే చాలు. "సబ్జెక్టు పోయింది" అన్న పిల్ల "రెండు జవాబులు" అన్న దగ్గరికి వచ్చేసరికి భుజాలు దిగుతాయి, కళ్ళారా కనిపిస్తుంది. ఆ లెక్క మీరు వెయ్యొద్దు, పెన్ను పిల్ల చేతికివ్వండి. నమూనా మారుతుంటుంది, ఆ ఏటిది బోర్డు సైటులో చూసుకోండి.

రోజుకు మూడు విడతలు, ఒక్కోటి 50 నిమిషాలు. ఉదయం రెండు మార్కులవి ఐదు, చూడకుండా రాసి దిద్దుకోవాలి. చదివితే వచ్చినట్టే ఉంటుంది, రాస్తేనే తెలుస్తుంది. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గకూడదు. టీనేజీలో 8 నుంచి 10 గంటలు కావాలి, సప్లిమెంటరీ అయినా సరే.

#14 పానగల్లు_చెరువు

ఇది మంచి ముచ్చట. హాస్టల్ల ఉన్న పోరగాళ్ళ సంగతేంది? మొదటి వారంలనే ఫోన్ జేసి "తీస్కపో నాన్న" అని ఏడుస్తరు. తీస్కస్తే ఓడినట్టు, తీస్కరాకుంటే పాపం.

#15 ఇంటర్_లెక్కలు

చేర్చే ముందు నెల నుంచి మొదలవ్వాలి. రెండు మూడు రాత్రులు చుట్టాలింట్లో మనం లేకుండా పడుకోవాలి. బట్టలు ఉతుక్కోవడం, ఆరేసి మడత పెట్టుకోవడం, పదిమంది మధ్య బకెట్టు కోసం అడగడం, వార్డెన్‌తో "కడుపు నొప్పిగా ఉంది సార్" అని చెప్పడం, ఇవన్నీ ఇంట్లోనే సాధన చేసి వెళ్ళాలి. చాలామందికి తొలి దెబ్బ చదువులో తగలదు, ఇక్కడే తగులుతుంది.

"నచ్చకపోతే వారంలో తీసుకొచ్చేస్తా" అని మాటివ్వకండి. ఆ మాట ఉంటే పిల్ల అలవాటు పడే ప్రయత్నం మానేసి రోజులు లెక్కపెడుతుంది. "మొదటి రెండు వారాలు బెంగగా ఉంటుంది, అందరికీ ఉంటుంది. మూడో ఆదివారం వచ్చి కూర్చుని మాట్లాడతా" అని చెప్పండి, చెప్పినట్టు వెళ్ళండి.

ఫోనులో ఏడుస్తుంటే మొదట వినండి. తర్వాత "ఏం తిన్నావు? ఎన్నింటికి పడుకున్నావు? భోజనాల దగ్గర పక్కన ఎవరు కూర్చుంటున్నారు?" అని అడగండి. మూడో ప్రశ్న ముఖ్యం. ఒక్క పేరైనా వస్తే సగం గట్టెక్కినట్టే. రెండు వారాలు దాటినా ఏ పేరూ రాకపోతే, తిండి తగ్గి మనిషి చిక్కిపోతుంటే, నిద్ర లేకపోతే, కొడుతున్నారని చెబితే, బెంగ అని తీసిపారెయ్యకండి. స్వయంగా వెళ్ళి చూడండి. తీసుకొచ్చేయడం ఓటమి కాదు, దగ్గర్లో డేస్కాలర్‌గా చదివి పాసైనవాళ్ళకూ అదే మెమో ఇస్తారు.

#16 నిర్వాహకుడు

ఫలితాల మాట వచ్చింది కాబట్టి దీన్ని పైన పిన్ చేస్తున్నాను.

పిల్ల "నేను లేకపోతే మీకే బాగుంటుంది" లాంటి మాట అంటే, ఇష్టమైన వస్తువులు పంచేస్తుంటే, ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే, నిబ్బరం పాఠాలు అక్కడితో ఆపండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందులు, మందుబిళ్ళలు ఇంట్లోంచి తీసేయండి లేదా తాళం వెయ్యండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోను చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. పిల్లలే నేరుగా చెయ్యొచ్చు. ప్రమాదం దగ్గరలో ఉందనిపిస్తే దగ్గరి ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి.

#17 మాటల_మూట

ఇంకొక్కటి. పదేపదే పుస్తకాలు మరిచిపోవడం, అక్షరాలు తారుమారు చెయ్యడం, ఒకచోట కూర్చోలేకపోవడం రెండో మూడో తరగతిలో కూడా ఉంటే అది ఓర్పు లేకపోవడం కాకపోవచ్చు. ముందు చూపు, వినికిడి పరీక్ష చేయించండి, తర్వాత పిల్లల మానసిక నిపుణులకు చూపించండి. కళ్ళజోడు కావాల్సిన పిల్లను "ఇంకొంచెం ప్రయత్నించు" అంటే ఏం చదువుతుంది?

మరిచిపోయిన వస్తువులు బడికి తెచ్చివ్వాలా అని అడుగుతుంటారు కాబట్టి అదీ చెబుతా. డ్రాయింగ్ పుస్తకం, స్కేలు, బెల్టు అయితే తేవద్దు, ఆ పూట పిల్లే ఏదో ఒకటి చూసుకుంటుంది. అన్నం డబ్బా, మందు, కళ్ళజోడు, హాల్ టికెట్ అయితే పరుగెత్తండి. హాల్ టికెట్‌తో ప్రయోగాలు ఏ పుస్తకంలోనూ లేవు.

#18 పానగల్లు_చెరువు

మంచిది. పానా గారూ, గా సైకిల్ పెడలు ఎడమది రాకపాయె. కుడిది అలకగనే వచ్చింది. ఎడమది ఎంత తిప్పినా ఇంకా బిగుసుకుంటున్నది.

#19 పానా_పట్టకారు

బిగిస్తున్నారు కాబట్టే బిగుసుకుంటోంది. ఎడమ పెడలు మర ఉల్టా. గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పితే వదులవుతుంది. మర దగ్గర రెండు చుక్కలు మెషిన్ ఆయిల్ (కొబ్బరినూనె కాదు) వేసి పది నిమిషాలు ఆగండి, ఇంతసేపు తప్పు వైపు బిగించారు కదా. పానా పొడుగుది తీసుకోండి. తీశాక పెడళ్ళ మీద ఎల్, ఆర్ అచ్చు చూసి ఒకే సంచిలో పెట్టండి. మళ్ళీ బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పాలి, మొదటి రెండు చుట్లు పానా పెట్టొద్దు, మర పాడైపోతుంది. ఆ చేత్తో తిప్పే పని పిల్లాడికివ్వండి.

#20 పానగల్లు_చెరువు

వచ్చింది.